‘సీమ ఎండలకు రేసింగ్ ప్యాడ్లే కరెక్టు’ అనే మెసేజీలో ఏది తప్పు, ఎందుకు తప్పు

అనంతపురం, కర్నూలు, కడప కార్ల గ్రూపుల్లో బ్రేకు ప్యాడ్ల గురించి ఒక మెసేజీ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: ‘స్పోర్ట్స్ కారుకు షోరూమ్ ప్యాడ్లు వేయించి డబ్బులు తగలేయొద్దు. మన ఎండలకు అవి తట్టుకోవు. రేసింగ్ ప్యాడ్లు వేయించండి, గోడకు కొట్టినట్టు ఆగుతుంది. లేదంటే సిరామిక్, పోర్షేలో ఉండేవి అవే. ప్యాడ్ మీద జీజీ అని ఉంటే కళ్లు మూసుకుని కొనొచ్చు. కొత్తవి వేశాక నాలుగుసార్లు గట్టిగా తొక్కి బండి ఆపితే సెట్ అయిపోతాయి. అరిగిన వైపు మారిస్తే చాలు, ఆయిల్ జోలికి పోవద్దు.’

దీన్ని నమ్మేది ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లో పోలో జీటీనో, అబార్త్ పుంటోనో, ఆక్టేవియా వీఆర్‌ఎస్‌నో, మినీ కూపర్ ఎస్‌నో తెచ్చుకున్నవాళ్లు. ఉన్నదంతా బండి మీద పెట్టాక స్పేర్ల దగ్గర చేయి బిగుసుకోవడం మామూలే. పొదుపు తప్పు కాదు. ఈ మెసేజీ చెప్పే చోట మాత్రం పొదుపు లేదు.

ముందు ఎండ సంగతి. మే నెలలో కర్నూల్లో 43, 44 డిగ్రీలు కొడుతుంది, నిజమే. కానీ ప్యాడ్‌ను కాల్చేది గాలి కాదు, చక్రంతో పాటు తిరుగుతూ ప్యాడ్ రాపిడికి వేడెక్కే డిస్కు. 1,400 కిలోల కారు వంద స్పీడు నుంచి పూర్తిగా ఆగితే సుమారు 540 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. అందులో 70 శాతం ముందు డిస్కులకే పోతుందనుకుందాం. ఒక్కోటి ఎనిమిది కిలోలున్న రెండు డిస్కులు ఆ ఒక్క బ్రేకుతోనే దాదాపు 50 డిగ్రీలు వేడెక్కుతాయి. బెంగళూరులో 28, కర్నూల్లో 44 అనుకున్నా తేడా 16 డిగ్రీలు. ఒక్క గట్టి బ్రేకులో మూడో వంతు కూడా కాదు. అదే స్పీడు వంద నుంచి 120కి పెంచితే వేడి 44 శాతం పెరుగుతుంది. ప్యాడ్‌కు శత్రువు ఎండాకాలం కాదు, కుడికాలు.

ఎండ కన్నా ఘాటు గురించి ఆలోచించాలి. కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాటు గానీ, దోర్నాల నుంచి శ్రీశైలం దారి గానీ తీసుకోండి. అదే బరువున్న కారు 100 మీటర్ల ఎత్తు దిగితే వదిలే శక్తి సుమారు 1,370 కిలోజౌళ్లు. వంద నుంచి రెండున్నరసార్లు ఆగినంత. డ్రైవులో పెట్టి బ్రేకు మీద కాలు ఆనించి దిగితే ఆ వేడిలో చాలాభాగం డిస్కుల్లోకే పోతుంది. మూడో గేరులోనో రెండో గేరులోనో దిగితే అందులో పెద్ద భాగం ఇంజిను మింగేస్తుంది. డీఎస్‌జీ ఆటోమేటిక్ బండ్లకూ మాన్యువల్ మోడ్ ఉంది కదా, అది ఇలాంటి చోటికే. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక రేసింగ్ ప్యాడ్లు. మెసేజీలో అన్నిటికన్నా ప్రమాదమైన మాట ఇదే. రేసు కోసం చేసిన ప్యాడ్ రకాన్ని బట్టి 150, 200 డిగ్రీలు దాటాకే సరిగా పట్టుకుంటుంది. 600 డిగ్రీల్లోనూ పట్టు వదలదు, దాని గొప్పతనం అక్కడ. రోడ్డు ప్యాడ్ చల్లగా ఉన్నప్పటి నుంచీ పట్టుకుని, సుమారు 350, 400 డిగ్రీల దగ్గర పట్టు సడలించడం మొదలుపెడుతుంది. ఊళ్లో తిరిగే కారు డిస్కు చాలాసార్లు వంద డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. పొద్దున ఇంట్లోంచి తీసి అనంతపురం టవర్ క్లాక్ దాకా వచ్చేలోపు అదీ ఉండదు. అక్కడ ఆటో అడ్డం వచ్చినప్పుడు చల్లటి రేసింగ్ ప్యాడ్ మీద పెడల్ ఎంత తొక్కినా మొదటి క్షణంలో రావాల్సిన పట్టు రాదు. పైగా కీచుమనే కూత, రిమ్ముకు అంటుకుని వదలని ఇనుప పొడి, తొందరగా తరిగిపోయే డిస్కు. డిస్కుల జత ధర తరచుగా ప్యాడ్ల సెట్టు కన్నా ఎక్కువే. ప్యాడ్‌లో మిగిల్చింది డిస్కులో పోతుంది.

రేసింగ్ ప్యాడ్‌కు చోటు లేదని కాదు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకుకో, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేకో పోయేవాళ్లు ఆ సెట్టు డిక్కీలో వేసుకుపోయి, అక్కడ మార్చి, తిరిగొచ్చేముందు రోడ్డు ప్యాడ్లు మళ్లీ ఎక్కించుకుంటారు.

‘గోడకు కొట్టినట్టు ఆగుతుంది’ అన్నదానికి ఒక్క పరీక్ష చాలు. ఇప్పుడున్న ప్యాడ్లతో గట్టిగా తొక్కితే ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పనిచేసి పెడల్ కొట్టుకుంటుందా? కొట్టుకుంటే ప్యాడ్ తన పని చేసేసినట్టే, మిగతాది టైరు చేతిలో ఉంది. వంద నుంచి ఆగడానికి మంచి పట్టున్న టైరుతో 40 మీటర్లు పడితే, గట్టిపడిన పాత టైరుతో 50 పడుతుంది. ఆ పది మీటర్లు ఏ ప్యాడూ తెచ్చివ్వదు. ఖరీదైన ప్యాడ్ పనికొచ్చేది మొదటి బ్రేకులో కాదు, వరసగా పడే ఎనిమిదో పదో బ్రేకులో.

సిరామిక్ ముచ్చట పొట్టిదే. పోర్షే ఖరీదైన కార్లలో ఉండేది కార్బన్ సిరామిక్ డిస్కు. దుకాణంలో అమ్మే సిరామిక్ ప్యాడ్ ఇనుప డిస్కు మీద నడిచే మామూలు రోడ్డు ప్యాడే, మసాలా వేరు. పొడి తక్కువ, చప్పుడు తక్కువ. తెల్ల రిమ్ములు కడిగి కడిగి విసిగిపోయినవాళ్లకు మంచిది. రేసుకూ దానికీ సంబంధం లేదు.

జీజీ దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది. ప్యాడ్ వెనుక రేకు మీదో అంచు మీదో ముద్రించే రెండక్షరాల్లో మొదటిది మామూలు వేడిలో రాపిడి, రెండోది ఎక్కువ వేడిలో రాపిడి. ఈ (E) అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. ఎఫ్‌ఈ అని ఉంటే వేడెక్కాక పట్టు పడిపోయే రకమన్నమాట, అలాంటిది వదిలేయండి. కానీ ఆ పరీక్ష చేసేది ఒక అంగుళం చదరం ముక్క మీద, మీ కారు మీద కాదు. అరుగుదల, కూత, డిస్కును తినే గుణం, ఏవీ అందులో తెలియవు. ముందు ఎఫ్‌ఎఫ్ ఉన్న బండికి వెనుక మాత్రం జీజీ వేస్తే బ్రేకు బలం వెనక్కి జరిగి, వానలో వంపు తిరిగేటప్పుడు తోక ఊగే ప్రమాదం ఉంది. తక్కువ ధర ప్యాడ్ మీద అక్షరాలు అచ్చేయడానికి పెద్ద ఖర్చేమీ కాదన్నది ఇంకో సంగతి.

అక్షరాల కన్నా పనికొచ్చేది గుండ్రంలో E అక్షరం, పక్కన 90R అని ఉండే ఐరోపా గుర్తు. ఆ గుర్తున్న ప్యాడ్ అసలు ప్యాడ్ పనితీరుకు 15 శాతం లోపు తేడాలోనే ఉండాలి, సీలున్న పెట్టెలోనే అమ్మాలి. బోష్, టీఆర్‌డబ్ల్యూ, ఏటీఈ, టెక్స్టార్, ఫెరోడో లాంటివాళ్లు కార్ల కంపెనీలకూ ప్యాడ్లు ఇస్తారు, తమ పెట్టెలోనూ అమ్ముతారు. బండి లోగో లేని ఆ పెట్టె సాధారణంగా షోరూమ్ ధర కన్నా తక్కువకే దొరుకుతుంది. పొదుపు ఉన్నది ఇక్కడ.

కొనేటప్పుడు మోడల్ పేరు చెప్పి అడగొద్దు. ఒకే మోడల్‌కు ఏడాదిని బట్టి, ఇంజిన్‌ను బట్టి వేరు వేరు డిస్కు సైజులు, కాలిపర్లు (పిస్టన్‌తో ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాలు) వస్తాయి. చాసిస్ నంబరు ఇవ్వండి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాలైతే స్పేర్ వీల్ గుంతలోనో సర్వీసు పుస్తకంలోనో అతికించిన స్టిక్కరు మీద ఆ బండికి ఏయే పార్టులు వేశారో చెప్పే పీఆర్ కోడ్లుంటాయి. బ్రేకులవి 1తో మొదలవుతాయి, దాన్ని ఫొటో తీసి పంపండి. పాత ప్యాడ్ వెనుక రేకు మీద ప్యాడ్ ఆకారాన్ని చెప్పే ఐదంకెల డబ్ల్యూవీఏ నంబరు ఉంటే అదీ పంపండి. బెంగళూరు జేసీ రోడ్డు నుంచి తెప్పించుకున్నా, హైదరాబాద్ రాణిగంజ్ నుంచి తెప్పించుకున్నా జీఎస్టీ బిల్లు అడగండి. పార్సిల్ విప్పగానే పెట్టె మీది నంబరూ ప్యాడ్ మీది నంబరూ ఒకటేనా, మందు (రేకు మీద అంటించే రాపిడి పదార్థం) అంచుల్లో పగుళ్లున్నాయా, రేకుకు మందుకు మధ్య సందు కనిపిస్తోందా చూడండి. సందు కనిపిస్తే ఆ ప్యాడ్ వేడికి ఊడి వచ్చే రకం. బిగించాక వాపసు తీసుకునే షాపు దొరకదు.

‘నాలుగుసార్లు గట్టిగా తొక్కి ఆపితే సెట్’ అన్న మాట సరిగ్గా తలకిందులు. కొత్త ప్యాడ్ మందు డిస్కు మీద పలచటి పొరగా సమానంగా పరుచుకోవాలి. వేడెక్కిన ప్యాడ్‌ను డిస్కుకు నొక్కి పెట్టి బండి నిలిపేస్తే పొర ఒక్కచోటే మందంగా అంటుకుంటుంది. తర్వాత 80 స్పీడులో బ్రేకేస్తే స్టీరింగ్ వణుకుతుంది, మెకానిక్కు డిస్కు వంకర పోయిందంటాడు. చాలాసార్లు అది వంకర కాదు, ఈ మచ్చే.

పద్ధతి ఇది. వెనుక బండ్లు లేని, చూపు ఆనేంత దూరం ఖాళీగా ఉన్న రోడ్డు చూసుకోండి. 50 నుంచి 10కి మెత్తగా ఐదుసార్లు తగ్గించండి. తర్వాత 80 నుంచి 15కి గట్టిగా, ఏబీఎస్ కొట్టుకోనంతగా, ఎనిమిదిసార్లు. మధ్యలో ఎక్కడా పూర్తిగా ఆగొద్దు. కాస్త కాలిన వాసన వస్తే భయపడక్కర్లేదు. ఆ తర్వాత పది కిలోమీటర్లు వీలైనంత బ్రేకు ముట్టుకోకుండా నడిపి చల్లార్చండి. జాతీయ రహదారి 44 మీద చేద్దామనుకుంటే మరూరు, కాసేపల్లి టోల్‌గేట్ల దూరం చూసుకుని మొదలుపెట్టండి. పొగలు కక్కే డిస్కుతో టోల్ లైన్లో పెడల్ తొక్కి పట్టుకుని నిలబడితే పడిన కష్టమంతా వృథా. ప్యాడ్ తయారీదారు కాగితంలో వేరే పద్ధతి ఉంటే దాన్నే పాటించండి.

‘అరిగిన వైపు మారిస్తే చాలు.’ ఒక ఇరుసుకు రెండు వైపులా కలిపే మార్చాలి, లేకపోతే బ్రేకేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. అంతకన్నా ముఖ్యం, ఒకే వైపు ఎందుకు అరిగింది? ఒకే కాలిపర్‌లో లోపలి ప్యాడ్ 3 మిల్లీమీటర్లు, బయటిది 7 ఉంటే కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్ను బిగుసుకుపోయిందని అనుమానించాలి. ఒక చక్రంలో రెండు ప్యాడ్లూ అరిగి, ఎదుటి చక్రంలో బాగుంటే పిస్టనో రబ్బరు గొట్టమో చూడాలి. బేతంచెర్ల, తాడిపత్రి నాపరాళ్ల పొడి ఎగిరే దారుల్లో రోజూ తిరిగే బండికి పిన్ను మీది రబ్బరు తొడుగు చిరిగిందంటే లోపల గ్రీజు, పొడి కలిసి గట్టిపడతాయి. పిన్నులు తీసి, తుడిచి, బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజే పూయించండి. వీల్ బేరింగుకు పెట్టే గ్రీజు పూస్తే అక్కడి రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది.

డిస్కు అంచు మీద కనీస మందం ముద్రించి ఉంటుంది. 25 మిల్లీమీటర్ల డిస్కుకు సాధారణంగా 22 దగ్గర ఉంటుంది. దానికి దగ్గర పడిన డిస్కు మీద కొత్త ప్యాడ్లు వేయడం దండగ. బీఎండబ్ల్యూ, మినీల్లో చాలావాటికి ముందు ఎడమ, వెనుక కుడి చక్రాలకు సెన్సారు వైరుంటుంది. లైటు వెలిగాక అదీ కొత్తదే వేయాలి. వెనుక ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేకు ఉంటే స్కానరుతో సర్వీసు మోడ్‌లో పెట్టకుండా పిస్టన్ నొక్కితే మోటారు పోవచ్చు. స్కానరు లేని షెడ్డుకు ఆ పని ఇవ్వొద్దు.

చివరగా బ్రేకు ఆయిల్. ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో మట్టం తగ్గుతుంది. ఎవరో మధ్యలో నింపి ఉంటే, కొత్త ప్యాడ్ల కోసం పిస్టన్లు వెనక్కి నొక్కగానే అది పొంగి పెయింటు మీద పడి తినేస్తుంది. ముందే సిరంజితో కొంత తీయాలి. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. ఘాట్లో పెడల్ మెత్తబడి నేలకు పోతే చాలాసార్లు తప్పు ప్యాడ్‌ది కాదు, గొట్టాల్లో మరిగిన ఈ ఆయిల్‌దే. ఒక లీటరు డబ్బా చాలా కార్లకు సరిపోతుంది, రెండేళ్లకొకసారి మార్పించండి. డాట్ 5 అని విడిగా ఉండేది సిలికాన్ ఆయిల్, అది కలపకూడదు. పని ముగిశాక బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా పదిసార్లు తొక్కాలి. పిస్టన్లు అప్పటికింకా ప్యాడ్‌ను తాకి ఉండవు, అలా తొక్కకపోతే షెడ్డులోంచి రివర్సు తీసేటప్పుడు వేసే మొదటి బ్రేకు పడదు.