సవరణ: ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ తీయకండి

ఆల్టర్నేటర్ (ఇంజన్ తిప్పుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని చార్జ్ చేసే భాగం) పరీక్ష గురించి మొన్న రాసినదానిలో, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీసి చూడాలన్న వాక్యాన్ని కొట్టివేయండి. ఆల్టర్నేటర్ బదులు డైనమో ఉన్న పాత బండ్లలో అది చెల్లింది. ఇప్పటి కార్లలో వోల్టేజి ఒక్కసారిగా ఎగసి ఆల్టర్నేటర్ లోపలి డయోడ్లు, బండి కంప్యూటర్ పాడైపోవచ్చు. వోల్టేజి కొలిచే మల్టీమీటర్ చాలు. రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ దగ్గర సుమారు 12.6 వోల్టులు, ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి. హెడ్‌లైట్లు, ఏసీ వేయగానే 13 కంటే కిందికి జారితే ముందు బెల్టు బిగువు, టెర్మినళ్ల తుప్పు చూడండి. నల్గొండ మే ఎండలో ఇంజన్ బాగా వేడెక్కాక ఆ నడుస్తున్నప్పటి వోల్టేజి కొంత తగ్గుతుంది. బ్యాటరీ ఉడికిపోకుండా చార్జింగు వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటరే తగ్గిస్తుంది. అది చూపించి ఆల్టర్నేటర్ మార్చమనే మెకానిక్‌కు ఒక దండం పెట్టి రండి. కొత్త మోడళ్లలో చార్జింగును కంప్యూటరే నడుపుతుంది కనుక అంకెలు ఇంకా అటూ ఇటూ అవుతాయి.