ఏఐ సరే, ముందు బడి జీమెయిల్ ఎవరి చేతిలో ఉంది?

ఉపాధ్యాయులకు ఏఐ శిక్షణ అనగానే ప్రాంప్టు ఎట్లా రాయాలి, పాఠ్య ప్రణాళిక నిమిషంలో ఎట్లా తయారవుతుంది అన్న రెండు ముచ్చట్లతోనే పూట గడిచిపోతుంది. బడికి తిరిగొచ్చి ల్యాబ్‌లో కంప్యూటర్ తెరిస్తే కథ లాగిన్ దగ్గరే ఆగుతుంది. ఓటీపీ ఎక్కడికో పోయింది. ఎక్కడికంటే, ఎప్పుడో బదిలీ అయి వెళ్లిన హెచ్చెమ్ ఫోన్‌కు. హనుమకొండ, వరంగల్ మొదలు ములుగు, భూపాలపల్లి దాకా సర్కారు బడుల్లో జనరేటివ్ ఏఐ గురించి ముందుగా తేల్చాల్సింది ఇదే. ఖాతా ఎవరిదో తెలియని చోట బాధ్యతాయుత వినియోగం మీద ఎన్ని పేజీల మార్గదర్శకాలు పంపినా అమలు చేసే నాథుడుండడు.

చాలా బడుల్లో జరిగేది ఇది. ఏదో పోర్టల్‌లో వివరాలు ఎక్కించాల్సి వచ్చిన రోజు ఎవరో ఒక సారు తన ఫోన్ నంబరుతో బడి పేర ఒక జీమెయిల్ తెరుస్తారు. అదే ఖాతాను ల్యాబ్‌లోని అన్ని కంప్యూటర్లలో, తరగతి గదిలోని ప్యానెల్‌లో (వేలితో తాకి నడిపే పెద్ద తెర) లాగిన్ చేసి వదిలేస్తారు. పాస్‌వర్డ్ బడి పేరు, దాని పక్కన 123. ఇన్నాళ్లూ దీంతో పెద్ద నష్టం కనిపించలేదు, ఎందుకంటే అందులో ఉన్నవి సర్క్యులర్లే. ఇప్పుడు అదే ఖాతాతో చాట్‌జీపీటీనో జెమినీనో తెరిస్తే, అడిగిన ప్రతి ప్రశ్నా పక్కన చరిత్రలో వరుసగా నిలుస్తుంది. పొద్దున ఒక టీచర్ పిల్లవాడి ఇంటి సమస్య గురించి సలహా అడిగితే, మధ్యాహ్నం ల్యాబ్ పీరియడ్‌లో తొమ్మిదో తరగతి పిల్లలు అది చదువుకోవచ్చు. హ్యాకర్లు అక్కర్లేదు, మౌస్ ఉంటే చాలు.

దీనికి మందు ఖరీదైంది కాదు. గూగుల్ విద్యాసంస్థలకు ఇచ్చే వర్క్‌స్పేస్ (మెయిల్, డ్రైవ్ లాంటి సేవల మూట) ప్రాథమిక రకం ఉచితం. జిల్లాకు ఒక డొమైన్ (మెయిల్ చిరునామాలో @ తర్వాత వచ్చే పేరు) తీసుకుని, ప్రతి బడికి దాని గుర్తింపు సంఖ్య అయిన యూడైస్ కోడ్‌తో ఒక ఆఫీసు ఖాతా, ప్రతి టీచర్‌కు వేరే ఖాతా ఇవ్వవచ్చు. నిర్వాహకుడి పేజీలో 18 ఏళ్లలోపు వాళ్లను వేరే విభాగంగా పెట్టి, ఏ సేవ తెరవాలో ఏది మూయాలో డీఈవో ఆఫీసు నుంచే నిర్ణయించవచ్చు. అది అయ్యేలోపు కూడా బడి స్థాయిలో మూడు పనులకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. రికవరీ నంబరుగా సొంత ఫోన్ కాకుండా ఆఫీసులో ఉండే సిమ్ పెట్టాలి. రెండంచెల ధ్రువీకరణ ఆన్ చేసి, గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లను ప్రింట్ తీసి సీలు కవరులో బీరువాలో పెట్టాలి. బదిలీ రోజున చార్జ్ లిస్టులో క్యాష్ బుక్, స్టాక్ రిజిస్టర్, తాళంచెవులతో పాటు ఈ కవరూ, సిమ్మూ రాయాలి. చాక్‌పీసు డబ్బాల లెక్క రాసే చార్జ్ లిస్టులో బడి మొత్తం సమాచారానికి తాళంచెవి లాంటి ఖాతా లేకపోవడం విడ్డూరమే.

ఖాతా తర్వాత యంత్రం. ఇక్కడ మనకు పాత పాఠం ఒకటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో 5,000 ఉన్నత పాఠశాలలకు ఐసీటీ పథకం కింద కంప్యూటర్ ల్యాబులు వచ్చాయి. ప్రైవేటు సంస్థలు అయిదేళ్లు నడిపి అప్పగించే ఒప్పందం అది. గడువు ముగిశాక సంస్థలూ పోయాయి, బోధకులూ పోయారు, కంప్యూటర్లు మాత్రం గదుల్లో మిగిలాయి. మరమ్మతు ఎవరు చేయాలన్న ప్రశ్నకు అప్పుడు జవాబు లేదు. ప్యానెళ్లు వచ్చాక, ఏఐ వచ్చాక ఆ జవాబు ఇప్పుడైనా ఉందా? మండల వనరుల కేంద్రంలో ఎంఐఎస్ కోఆర్డినేటర్, కంప్యూటర్ ఆపరేటర్ ఉంటారు, కొన్ని బడుల సముదాయమైన కాంప్లెక్సుకు సీఆర్పీలు (క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు) ఉంటారు. వాళ్ల రోజంతా బడుల వివరాలెక్కించే యూడైస్ ప్లస్ పోర్టల్, ముఖ గుర్తింపు హాజరు, విద్యార్థుల గుర్తింపు కోసం ఇచ్చే అపార్ నంబర్ల వెనకే పోతుంది. స్క్రూడ్రైవర్ పట్టే మనిషి ఆ జాబితాలో లేడు.

ఫిర్యాదుల్లో చాలావాటికి పెద్ద ఇంజినీరు అక్కర్లేదని తెలిస్తే ఈ లోటు ఇంకా బాధ కలిగిస్తుంది. జూన్ 12న బడి తెరవగానే వచ్చే ‘నెట్ రావట్లేదు’ అన్న ఫిర్యాదునే తీసుకోండి. రూటర్ లైట్లు వెలుగుతుంటాయి, ఫోన్‌లో వైఫై పనిచేస్తుంటుంది, కంప్యూటర్‌లో మాత్రం ఏ సైటు తెరిచినా ‘కనెక్షన్ సురక్షితం కాదు’ అని వస్తుంది. తెర కింద కుడి మూల గడియారం చూడండి. తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంటే, తప్పు నెట్‌ది కాదు, మదర్‌బోర్డులోని సీఆర్2032 బిళ్ల బ్యాటరీది. వేసవి సెలవుల్లో కరెంటు ప్లగ్గు తీసేసి ఉంచితే గడియారాన్ని నడిపేది ఆ 3 వోల్టుల బిళ్లే. నాలుగైదేళ్ల పాత బ్యాటరీ ఆ ఎండాకాలం దాటదు. తేదీ తప్పయితే సైటు భద్రతా పత్రం గడువు సరిపోలక బ్రౌజర్ తలుపు మూసేస్తుంది. తేదీ సరిచేస్తే ఆ పూటకు నడుస్తుంది, బిళ్ల మారిస్తే ఏళ్ల తరబడి నడుస్తుంది. గడియారాలు బాగుచేసే దుకాణంలో కూడా దొరికే సరుకు ఇది. దీని కోసం నెట్ కంపెనీకి ఫోన్లు చేసి, వారం ఎదురుచూసి, చివరికి ల్యాబ్‌కు తాళం వేసిన బడులకు కొదవలేదు.

ప్యానెల్ సంగతి వేరు. వేలు పెట్టకుండానే తెర మీద గీతలు పడుతున్నాయంటే ముందు అంచు చూడాలి. ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో స్పర్శను పసిగట్టే రకాల్లో కింది పట్టీలో చాక్‌పీసు పొడి పేరుకుంటే, లేదా పడమటి కిటికీ ఎండ నేరుగా పడితే, లేని వేలు ఉన్నట్టు కనిపిస్తుంది. కరెంటు ఆపి, పొడి మెత్తటి గుడ్డతో నాలుగు అంచులూ తుడిస్తే చాలు. అద్దాలు తుడిచే ద్రావణం నేరుగా చల్లితే అది అంచులోకి దిగి అసలుకే మోసం వస్తుంది. బెల్లు కొట్టగానే మెయిన్ స్విచ్ ఆపేయడం ఇంకో అలవాటు. ఆండ్రాయిడ్ భాగం దాన్ని చాలావరకు తట్టుకుంటుంది, ప్యానెల్ వెనక దూర్చిన చిన్న కంప్యూటర్ (ఓపీఎస్)లోని విండోస్ మాత్రం కొన్నాళ్లకు పాడవుతుంది.

పాత ల్యాబులకు ఇంకో చిక్కు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. మన పాత యంత్రాలు చాలావరకు ఆ గీత దాటవు. అయినా పారేయనక్కర్లేదు. హార్డ్‌డిస్క్ తీసి 256 జీబీ ఎస్‌ఎస్‌డీ వేసి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కిస్తే 4 జీబీ ర్యామ్‌తోనే బ్రౌజర్ పని జరిగిపోతుంది. ఏఐ లెక్కలన్నీ ఎక్కడో సర్వర్లలో జరిగేవే కాబట్టి బడిలో ఖరీదైన యంత్రం ఉండాలన్న వాదనకు బలం లేదు. తాజా బ్రౌజర్ కావాలి, తెగని తీగ కావాలి. ఆ తీగ కోతుల పాలు కాకుండా గోడ వెంట పీవీసీ పైపులో వేయించడం మన జిల్లాల్లో తప్పనిసరి ఖర్చు.

ఇక ఏఐ పెట్టెలో ఏం టైపు చేయకూడదన్న విషయం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి అడుగుతుంది. దాని నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల గడువుతో అమల్లోకి వస్తాయి. చాట్‌జీపీటీ షరతుల ప్రకారం 13 ఏళ్లలోపు వాళ్లు వాడకూడదు, 18 లోపు వాళ్లకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. యునెస్కో 2023 మార్గదర్శకం కూడా తరగతిలో వాడకానికి 13 ఏళ్ల కనీస వయసే సూచించింది. ఇంత లెక్క ప్రతి బడీ చూసుకోవడం కష్టం. ప్రస్తుతానికి దారి ఒకటే: పిల్లలకు ఖాతాలు వద్దు. టీచర్ తన ఖాతాతో ప్యానెల్ మీద తెరిచి, ప్రశ్న పిల్లలతో చెప్పించి, తానే టైపు చేయాలి.

టీచర్ల వైపు ప్రమాదం మార్కుల జాబితాలతో వస్తుంది. ప్రోగ్రెస్ కార్డులో ఒక్కొక్కరికీ రెండు వాక్యాలు రాయించడానికి రిజిస్టర్ పేజీని ఫొటో తీసి పంపిస్తారు. అందులో పేరు, తండ్రి పేరు, కులం, ఆధార్, ఫోన్ నంబర్ అన్నీ ఉంటాయి. ఫొటో వద్దు. ఎక్సెల్‌లో కాపీ చేసుకుని రోల్ నంబర్, మార్కులు తప్ప మిగతా గళ్లన్నీ తీసేసి అవే అతికించాలి. వచ్చిన వాక్యాలకు పేర్లు మళ్లీ ఎక్సెల్‌లోనే కలపాలి. తొమ్మిది మంది ఉన్న తరగతిలో రోల్ నంబర్ పక్కన ‘వినికిడి లోపం’ అని రాస్తే పేరు తీసేసినా పిల్ల ఎవరో ఊరంతటికీ తెలుస్తుంది, కాబట్టి ప్రత్యేక అవసరాల పిల్లల వివరాలు అసలే వద్దు. చాట్‌జీపీటీ డేటా కంట్రోల్స్‌లో మన సంభాషణలను మోడల్ మెరుగుదలకు వాడే మీట ఉంటుంది, దాన్ని ఆపాలి. అది ఆపినంత మాత్రాన పంపిన ఆధార్ వెనక్కి రాదు.

ప్రశ్నపత్రాల దగ్గర ఏఐ నిజంగానే పనికొస్తుంది, నిజంగానే ముంచుతుంది కూడా. నాలుగు జవాబుల్లో ఒక్కటీ సరైనది కాకపోవడం, రెండు సరైనవి కావడం, కీ ఒకటి చెప్పి వివరణ ఇంకోటి చెప్పడం తరచూ కనిపించే తప్పులు. ఇంకో టీచర్ కీ చూడకుండా పేపరంతా రాసి చూడటం తప్ప దీనికి అడ్డదారి లేదు. ఆ తర్వాత డీటీపీ సెంటర్ గండం ఉంది. ఏఐ ఇచ్చేది యూనికోడ్ తెలుగు, పేజ్‌మేకర్‌లో నడిచేది వేరే అక్షర సంకేతాలున్న అను ఫాంటు. మధ్యలో కన్వర్టర్ వత్తులను ఎగరగొడుతుంది, అంకెల మీది ఘాతాలను కిందికి దించుతుంది. పది స్క్వేర్ కాస్తా నూట రెండు అవుతుంది. ప్రూఫ్ చదవాల్సింది ఏఐ తెర మీద కాదు, డీటీపీ ప్రింటు మీద.

తరగతిలో దాన్ని నమ్మకూడదని చెప్పడం కంటే తప్పు పట్టించడం మేలు. వేయిస్తంభాల గుడి ఎవరు, ఎప్పుడు కట్టించారో అడగండి. 1163, రుద్రదేవుడు. రామప్ప అడగండి. 1213, గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు, ప్రపంచ వారసత్వ గుర్తింపు 2021. తెలుగులో అడిగినప్పుడు ఒకటి, ఇంగ్లిష్‌లో అడిగినప్పుడు ఇంకొకటి వస్తే, రెండూ తెర మీదే పక్కపక్కన పెట్టి పుస్తకంతో సరిచూడమనండి.

ఫార్మేటివ్ ప్రాజెక్టులను ఏఐ రాసిందో పిల్లలు రాశారో పట్టే సాఫ్ట్‌వేర్ల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. చాట్‌జీపీటీని చేసిన ఓపెన్‌ఏఐ సొంతంగా చేసిన పరికరమే ఏఐ రాతల్లో 26 శాతాన్నే గుర్తించింది, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐ రాతలని పొరబడింది. 2023 జులైలో దాన్ని తీసేశారు. అది ఇంగ్లిష్‌లో ఫలితం. తెలుగు ప్రాజెక్టు మీద అట్లాంటి శాతం చూసి పిల్లను దొంగ అనడం అన్యాయం. ప్రశ్ననే మార్చాలి. ఎనుమాముల మార్కెట్‌లో వారం రోజుల తేజ, వండర్‌హాట్, చపాటా మిర్చి ధరలు రాసుకొచ్చి గ్రాఫ్ గీయమంటే, ఏఐ కల్పించిన అంకెలు మార్కెట్ ధరలతో పోల్చగానే బయటపడతాయి. రెండు నిమిషాలు నోటితో వివరించమంటే మిగతాది తేలిపోతుంది.

పిల్లల ఫొటోలతో నకిలీ అశ్లీల చిత్రాలు చేస్తే ఏం చేయాలో ప్రతి బడికీ ముందే తెలిసుండాలి. లింకు, సమయం, పంపిన నంబరు రాసుకుని, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి, పోలీసులకు, సైబర్ క్రైమ్ పోర్టల్‌కు వెంటనే చెప్పాలి. ఆధారం కోసమని స్టాఫ్ గ్రూపులో ఫార్వర్డ్ చేయడం పిల్లల అశ్లీల చిత్రాలు పంచడాన్ని నేరంగా చూసే ఐటీ చట్టం 67బీ కిందికి వచ్చే పని. మంచి ఉద్దేశం కాపాడుతుందని అనుకోవద్దు.

డబ్బు మాట. సమగ్ర శిక్ష కింద కాంపోజిట్ గ్రాంటు 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఏడాదికి రూ.50,000, 31 నుంచి 100 మంది ఉంటే రూ.25,000. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకే. సుద్దముక్కలు, రిజిస్టర్లు, చిన్న మరమ్మతులు పోను సాంకేతిక పనికి మిగిలేది వేలల్లో కాదు, వందల్లో. బ్యాటరీ బిళ్లకు అది సరిపోతుంది, మనిషికి సరిపోదు. వరంగల్‌లో ఎన్‌ఐటీ ఉంది కదా అని పరిశోధకులను పిలవాల్సిన పని ఇది కాదు. పాలిటెక్నిక్, ఐటీఐ పూర్తి చేసిన కుర్రాళ్లలో ఒకరిని మండలానికి అప్రెంటిస్‌గా పెట్టి, ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె), ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, బిళ్లలు, నెట్ కేబుల్ కొసలు ఉన్న సంచీ ఒకటి, ఫిర్యాదు వచ్చిన తేదీ, తీరిన తేదీ రాసే రిజిస్టర్ ఒకటి ఇవ్వాలి. ఆ జీతం జిల్లా బడ్జెట్ నుంచే రావాలి, హెచ్చెమ్ జేబులోంచి కాదు. ఖాతాల కవర్లను చార్జ్ లిస్టులో చేర్చే ఉత్తర్వుకు మాత్రం బడ్జెట్ కూడా అక్కర్లేదు. వచ్చే బదిలీలకు ముందే డీఈవోలు దాన్ని ఇచ్చేయవచ్చు.