కంచె బయటి నుంచి చూసినా చాలు

జపాన్ చక్రవర్తుల సమాధి దిబ్బల దగ్గర కంచె దాటనివ్వరు గనుక అక్కడికి వెళ్లడం వృథా అని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో దాని రచయిత తేల్చేయడం నాకు సబబుగా తోచలేదు. నారా ప్రాంతంలోని అసుకా గ్రామంలో, తెన్ము చక్రవర్తినీ, ఆయన తర్వాత తానే సింహాసనమెక్కిన ఆయన భార్య జితోనూ ఒకేచోట ఉంచిన అష్టకోణపు దిబ్బను నేను చూశాను. రాతి తోరణం, చక్కగా సర్దిన కంకర, అనుమతి లేకుండా లోపలికి రారాదని, చేపలనూ పక్షులనూ పట్టరాదని, వెదుళ్లూ చెట్లూ నరకరాదని చెప్పే ప్రభుత్వ బోర్డు (ఆ మెట్ట మీద చేపలెక్కడివో!), కంటికి కనిపించేది ఇంతే. అయితే, జపాన్ పాలకుల్లో మొదటిసారిగా దహన సంస్కారం పొందిన జితో అస్థికలను వెండి పాత్రలో పెట్టి భర్త చెంతనే ఉంచారనీ, 1235లో దొంగలు లోపలికి చొరబడి ఆ పాత్రనే ఎత్తుకుపోయారనీ ముందే చదువుకుని వెళ్లడం వల్ల, ఆ కంచె దగ్గర నుంచి కదలడానికి నాకు గంట పట్టింది.