సంచిలో మిగిలిన తవుడు

తెల్లవారుజామున నాలుగింటికి చెరువులో చేపలు ఊపిరాడక నీటిపైకి తేలి నోరు తెరిచాయంటే రైతు గుండె ఆగినంత పనవుతుంది. ఆ టెన్షన్ ఎలాంటిదో చేపల చెరువులుండే కైకలూరు, ఆకివీడు వైపు ఎవరినడిగినా చెబుతారు. ఇంజన్ పెట్టి నీళ్లు చిమ్మి, ఆక్సిజన్ మాత్రలు చల్లి ఆ పూటకు గండం గట్టెక్కిస్తారు. దాని మూలం చాలాసార్లు ముందురోజు కట్టిన మేత సంచిలోనే ఉంటుంది.

సంచికి చిల్లులు పెట్టి, తవుడు, వేరుశనగ చెక్క, పత్తి చెక్క నింపి వెదురు గడలకు కట్టే పద్ధతి మన రైతుల తెలివే. శీలావతి, బొచ్చె చేపలు ఆ చిల్లుల దగ్గర పొడుచుకు తింటాయి. ఊరికే చల్లేదానికన్నా వృథా తక్కువ. కానీ చేప తిననిది అడుక్కి జారి కుళ్లుతుంది. ఆ కుళ్లు ఆక్సిజన్‌ను లాగేస్తుంది, అమ్మోనియాను పెంచుతుంది. పచ్చటి నీళ్లలోని ప్లాంక్టన్ (కంటికి ఆనని సన్నటి నాచు) పగలు ఎండలో ఆక్సిజన్ ఇచ్చినా, రాత్రంతా ఆక్సిజన్‌నే పీలుస్తుంది. ఊపిరాడని చేప మేత ముట్టదు, పెరగదు. నీరసించిన ఒంటిని చేప పేను, ఎర్రమచ్చ తెగులు ఇట్టే పట్టుకుంటాయి. ఆ తర్వాత ఖర్చంతా మందుల షాపుకే.

తేలే గుళికల మేతైతే ఎంత తిన్నదీ కంటికి కనిపిస్తుంది, కిలో పెరగడానికి తక్కువ మేత చాలు. ఇది రైతుకు తెలియక కాదు. బస్తా ధర భారం, అమ్మే చేప ధర ఆయన చేతిలో లేదు. అందుకే గుళికలకు మారండని మేం ఉపన్యాసం ఇవ్వబోవడం లేదు. మబ్బు రోజుల్లో, చలి ముదిరినప్పుడు మేత తగ్గించడం, రెండు గంటలాగి సంచిలో చెయ్యి పెట్టి చూడటం, తడి తవుడు తగిలితే మర్నాడు కొలత కోయడం: వీటికి పైసా ఖర్చు లేదు. కోడి వ్యర్థాలు పోసే చెరువుల సంగతి వేరు. అది మేత కాదు, నేరం. అక్కడ కేసులే పెట్టాలి.

మిగతాది ప్రభుత్వం పని. చేపల మేత నాణ్యతపై ఆంధ్రప్రదేశ్ 2020లోనే చట్టం చేసింది. బస్తా మీద రాసిన ప్రొటీన్ లోపల ఉందో లేదో రైతుకు ఊళ్లోనే తేలాలి. నీటి పరీక్ష కూడా గట్టు మీదే జరగాలి. లీటరుకు 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే చేపకు హాయి, 3కి దిగితే ఇబ్బంది. కొలిచే మీటరు గ్రామ మత్స్య సహాయకుడి చేతిలో ఉండాలి, ఆయన తెల్లారకముందే చెరువు దగ్గరికి రావాలి. ఎండెక్కాక పదకొండింటికి కొలిస్తే ఏ చెరువైనా ఆరోగ్యంగానే కనిపిస్తుంది.