పప్పుచారు వాసన వస్తున్న గుండిగ

సాఫ్ట్‌వేర్ చదువులో మొదటి ఏడాదంతా గుంటూరు బ్రాడీపేట టెంట్ హౌసుల్లోనే జరగాలని ప్రభుత్వానికి సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

మొన్న మా గృహప్రవేశానికి తెచ్చిన సామాను తిరిగివ్వబోతే, టెంట్ హౌస్ ఓనరుగారు గుండిగలో తలపెట్టి వాసన చూశారు. అంచు కింద వేలితో గీశారు. వేలికి పసుపు అంటింది.

"పప్పుచారు ఇంకా లోపలే ఉందండీ. రేపు ఇందులో పరమాన్నం వండాలి. అదుగో పంపు."

పంపు కింద గొంతుక్కూర్చుని పీచుతో తోముతుంటే మా ఆఫీసు ఆబ్జెక్ట్ పూల్ కళ్లముందు మెదిలింది. అదీ ఓ టెంట్ హౌసే, ప్రోగ్రాము సమాచారం పెట్టుకునే గిన్నెల్ని, అంటే ఆబ్జెక్టుల్ని, ప్రతిసారీ కొత్తగా చెయ్యకుండా వాడి తిరిగిచ్చినవే మళ్లీ అద్దెకిస్తుంది. అక్కడ వాసన చూసే నాథుడు లేడు. ఒకాయన బిల్లు మీద అంతకుముందు కస్టమర్ చిరునామా అచ్చయిన రోజున, కడగాల్సింది వాడుకున్నవాడా, అద్దెకిచ్చినవాడా అని మూడు గంటలు చర్చించి, కాఫీలు తాగి, కమిటీ వేశాం.

మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ సామగ్రి డాట్‌నెట్‌లో అర్రేపూల్ అనే అద్దెకొట్టుంది, దానికి ఈ మొహమాటం లేదు. కడగమని నోరు తెరిచి చెబితే తప్ప కడగదు, ఎంగిలి ఎంగిలిగానే తరవాతివాడి చేతిలో పెడుతుంది. విండోస్ 2000తో వచ్చిన కామ్‌ప్లస్‌లోని అద్దెకొట్టుది మరీ పెద్దమనిషి తరహా. తిరిగొచ్చిన ఆబ్జెక్టునే "నిన్ను మళ్లీ కొట్లో పెట్టుకోవచ్చా?" అని అడుగుతుంది. చిల్లు సంగతి గుండిగనే అడగడమన్నమాట!

అసలు అద్దెకు తేవాల్సింది గుండిగలు, గంగాళాలు. డేటాబేస్ కనెక్షన్లు, అంటే సమాచారపు గిడ్డంగికి ప్రోగ్రాము వేసుకునే లైన్లు, ఆ బాపతే, కొత్తది తయారుచెయ్యాలంటే ఖర్చు. చిన్నాచితకా ఆబ్జెక్టులు విస్తరాకులు. వాడి పారేస్తే ఊడ్చుకుపోవడానికి గార్బేజ్ కలెక్టర్ ఉండనే ఉంది. మావాళ్లు విస్తళ్లు కూడా కడిగి బీరువాలో దాస్తారు.

ఇక తీసుకెళ్లి తిరిగివ్వనివాళ్ల సంగతి. విడిగా చెప్పకపోతే జావావాళ్ల అద్దెకొట్టు అపాచీ కామన్స్ పూల్ ఇచ్చేది ఎనిమిది ఆబ్జెక్టులే, తొమ్మిదోవాడు గుమ్మంలో ఎంతకాలమైనా నిలబడాల్సిందే. డేటాబేస్ కనెక్షన్లు అద్దెకిచ్చే హికారీ నయం, పది కనెక్షన్లూ బయటుంటే 30 సెకన్లు చూసి లేదు పొమ్మంటుంది. మేం మాత్రం తిరిగిరానిది ఎక్కడుందో వెతకం. పదిని యాభై చేశాం, యాభైని వంద చేశాం. డేటాబేస్ సర్వర్ మూలుగుతోంది.

ఈలోగా ఓనరుగారు గరిటెలు లెక్కపెట్టారు.

"పన్నెండు ఇచ్చాం, పదకొండే వచ్చాయి."

"దానిదేముందండీ, ఇంకో డజను కొని పడేయండి, ఎవరికీ లోటుండదు" అన్నాను, నా అనుభవమంతా రంగరించి.

ఆయన నా మొహంలోకి ఓసారి చూసి, డిపాజిట్ డబ్బులు మళ్లీ సొరుగులో పెట్టి తాళం వేసుకున్నారు.