రిపోర్టులో కనిపించని నొప్పి కూడా నొప్పే

1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న కేసు అచ్చయింది. 29 ఏళ్ల భవన నిర్మాణ కార్మికుడు కిందికి దూకడంతో 15 సెంటీమీటర్ల మేకు అతని బూటులో దిగబడింది. అది ఏమాత్రం కదిలినా నొప్పికి తట్టుకోలేకపోతున్నాడని వైద్యులు ఫెంటానిల్, మిడజోలామ్ మందులిచ్చి, మత్తులో ఉండగా మేకును కింది వైపు నుంచి లాగేశారు. బూటు విప్పి చూస్తే పాదానికి గాయమే లేదు. మేకు రెండు వేళ్ల సందులోంచి దూసుకుపోయింది.

ఈ సంగతి చెబితే చాలామంది నవ్వుతారు. నాకు మాత్రం ఇందులో నవ్వదగ్గదేదీ కనిపించదు. ఆ మనిషి నటించలేదు, పిరికివాడూ కాదు. బూటును చీల్చుకొచ్చిన మేకు కళ్లెదుటే ఉంది. అలాంటిది కాల్లో దిగితే ఏమవుతుందో మెదడుకు ముందే తెలుసు. అందిన ఆధారాలను బట్టి పాదం తెగిందని అది తేల్చేసింది, నొప్పి పుట్టింది. గాయం లేదు, నొప్పి మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. ఈ రెండు మాటలనూ ఒకేసారి ఒప్పుకోవడం మనకు కష్టంగా ఉంటుంది. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి, అంతా మీ భ్రమ అనిపించుకుని, ఇక ఎవరికీ చెప్పుకోలేక లోలోపలే కుమిలిపోయేవాళ్లు ఇంతమంది ఉండటానికి అదొక ముఖ్య కారణం.

పుర్రె లోపల వెలుతురు లేదు, చప్పుడు లేదు. మెదడుకు చేరేవల్లా నాడుల గుండా వచ్చే విద్యుత్ సంకేతాలు, రక్తం మోసుకొచ్చే రసాయనాలు. వాటికి పాత అనుభవాన్నీ, అప్పటి సందర్భాన్నీ జోడించి, బయట ఏం జరుగుతోందో, ఒంట్లో ఏం జరుగుతోందో అది అంచనా కడుతుంది. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్ చూపు గురించి 1860లలోనే ఈ మాట చెప్పారు. దృశ్యనాడి కంటిలోంచి బయటికి వెళ్లే చోట కాంతిని పట్టే కణాలు లేవు. కాబట్టి ఒక కన్ను మూసుకుంటే ఎదుటి దృశ్యంలో ఒక ఖాళీ కనిపించాలి. కనిపించదు. చుట్టుపక్కల ఉన్నదాన్ని బట్టి మెదడు దాన్ని పూడ్చేస్తుంది.

చూపు విషయంలో ఇదంతా చెబితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. నొప్పి, భయం, దిగులు దగ్గరికి వచ్చేసరికే పేచీ.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలోని ఆంజియో రంగంలో పనిచేసిన అమెరికన్ వైద్యుడు హెన్రీ బీచర్, తీవ్రంగా గాయపడిన సైనికులను నొప్పి గురించి అడిగి తెలుసుకున్నారు. వారిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది తమకు నొప్పి మందు అక్కర్లేదన్నారు. యుద్ధం తర్వాత ఆయన మామూలు శస్త్రచికిత్స రోగులను గమనించారు. వారిలో ఎక్కువమంది మందు కావాలన్నారు. సైనికుడికి గాయమంటే ప్రాణాలతో యుద్ధభూమి దాటి వెళ్లడం, సామాన్యుడికి శస్త్రచికిత్స అంటే కష్టాలు మొదలవడం. బీచర్ ఇచ్చిన వివరణ ఇది. తెగిన కండ ఎంతన్నదాని కంటే, ఆ గాయం తన బతుకులో ఏమిటన్నదే నొప్పిని ఎక్కువగా నిర్ణయించిందన్నమాట.

ఇది ఎలా సాధ్యమో 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. గాయం నుంచి వచ్చే సంకేతాలు నేరుగా మెదడుకు చేరవు, వెన్నుపాములోనే వాటికి అడ్డుకట్ట ఉంటుంది, దాన్ని తెరవడంలోనూ మూయడంలోనూ పైనుంచి మెదడు పంపే ఆదేశాలకు పాత్ర ఉంటుంది అన్నారు. సిద్ధాంతంలోని వివరాలు తర్వాత చాలా మారాయి. మెదడు నొప్పిని హెచ్చించగలదు, తగ్గించగలదు అన్న మూలసూత్రం మాత్రం నిలబడింది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఒప్పించింది 1978లో కాలిఫోర్నియాలో జరిగిన ప్రయోగం. జ్ఞానదంతం తీయించుకున్నవారిలో కొందరికి మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్‌తోనే నొప్పి తగ్గింది. వారికి నాలోక్సోన్ ఇస్తే నొప్పి మళ్లీ పెరిగింది. నాలోక్సోన్ మార్ఫిన్ జాతి మందుల పనిని అడ్డుకునే రసాయనం. అసలు మార్ఫినే ఇవ్వనప్పుడు అది అడ్డుకున్నది దేన్ని? మందు అందిందన్న నమ్మకంతో ఆ శరీరాలు సొంతంగా విడుదల చేసుకున్న అదే తరహా రసాయనాలను. భ్రమ అని మనం కొట్టిపారేసేదానికి ఇంత కచ్చితమైన రసాయన శాస్త్రం ఉంది.

మరోవైపు, మనం అంతగా నమ్మే స్కాన్ల సంగతి చూడండి. వెన్నునొప్పి ఏమాత్రం లేని 3,110 మంది స్కాన్లపై వచ్చిన అధ్యయనాలను 2015లో ఒకచోట చేర్చి విశ్లేషించారు. డిస్కుల అరుగుదల 20 ఏళ్లవారిలో 37 శాతం మందిలో, 80 ఏళ్లవారిలో 96 శాతం మందిలో కనిపించింది. అరుగుదల ఉండీ నొప్పి లేనివారి మాటను నిస్సందేహంగా నమ్ముతాం. స్కాన్ శుభ్రంగా ఉండీ నొప్పి ఉందనేవారి మాటను నమ్మడానికి మాత్రం మనసొప్పదు. ఇది అన్యాయం.

భయం, కోపం, దిగులు కూడా ఇలా కట్టిన అంచనాలే. వైద్య సాహిత్యంలో ఎస్‌.ఎం. అని పిలిచే ఒక మహిళకు అరుదైన జన్యువ్యాధి వల్ల మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం రెండు వైపులా దెబ్బతింది. పాముల్ని చూసినా, సాలీళ్లను చూసినా ఆమెకు భయం కలగదు. ఆమె ఆధారంగా అమిగ్డలానే భయానికి నిలయం అనుకున్నారు. 2013లో ప్రచురితమైన ప్రయోగంలో ఆమె చేత కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉన్న గాలి పీల్పించగానే తీవ్రంగా బెదిరిపోయారు. బయటి పాము పుట్టించలేని భయాన్ని, లోపల ఊపిరాడకపోవడం పుట్టించింది. భయానికి మెదడులో ఒకే ఒక్క గది లేదు. గుండె, ఊపిరితిత్తులు, పేగుల నుంచి వచ్చే కబురు కూడా మన భావాలకు ముడిసరుకే. నిద్ర చాలకపోతే ఈ లెక్క ఎంత తారుమారవుతుందో 2007లో చూపించారు. దాదాపు 35 గంటలు నిద్ర లేనివారికి బాధాకరమైన చిత్రాలు చూపిస్తే, నిద్రపోయినవారి కంటే వారి అమిగ్డలా 60 శాతం ఎక్కువగా స్పందించింది. నిద్ర లేని రాత్రి మర్నాడు చిన్న మాటకే మండిపడే మనిషి గుణాన్ని తప్పుపట్టే ముందు ఈ సంగతి గుర్తుండాలి.

ఇక్కడే రెండో పొరపాటు ఎదురవుతుంది. అంతా మెదడే కల్పిస్తోందంటే ఆలోచన మార్చుకుంటే సరిపోతుందిగా అని బోధించే ఉపన్యాసకులు కోకొల్లలు. ఇది ‘అంతా మీ భ్రమ’ అన్న మొదటి మాట కంటే క్రూరమైనది, ఎందుకంటే బాధను పూర్తిగా బాధితుడి తప్పు చేస్తుంది. 1889 నాటి మ్యూలర్-లైయర్ గీతలు చూడండి. చివర బాణపు గుర్తులున్న రెండు సమానమైన గీతల్లో ఒకటి పొడవుగా కనిపిస్తుంది. స్కేలుతో కొలిచి సమానమని తెలుసుకున్నాక కూడా అలాగే కనిపిస్తుంది. రెండు గీతల విషయంలోనే తెలివికి లొంగని మెదడు, ఏళ్ల తరబడి పాతుకుపోయిన నొప్పినో ఆందోళననో ఒక్క సంకల్పంతో వదిలేస్తుందా?

వదిలించే మార్గాలు లేకపోలేదు. ముందు కణితి, ఇన్‌ఫెక్షన్, ఎముక విరగడం వంటివి లేవని నిర్ధారించుకోవాలి, ఇందులో రాజీ కూడదు. ఆ తర్వాత మిగిలే దీర్ఘకాలిక నొప్పిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లో ఉన్న వ్యాధుల వర్గీకరణలో విడిగా గుర్తించింది. అమెరికాలో వెన్నునొప్పి ఉన్న 151 మందిపై జరిపిన పరిశోధన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. నొప్పి ఎలా పుడుతుందో వివరించి, శరీర కదలికలు ప్రమాదకరం కాదని మెదడుకు మళ్లీ నేర్పే చికిత్స పొందినవారిలో 66 శాతం మందికి నొప్పి పూర్తిగానో దాదాపుగానో పోయింది. మందు లేని ఇంజెక్షన్ తీసుకున్నవారిలో ఇది 20 శాతం, మామూలు వైద్యం కొనసాగించినవారిలో 10 శాతం. వారి నొప్పి మరీ తీవ్రమైనది కాదు, పైగా ఇది ఒక్క పరిశోధనే. అయినా అక్కడ ఏం చేశారో గమనించాలి. వైద్యుడు ఒకసారి విడిగా మాట్లాడారు, ఆ తర్వాత శిక్షణ పొందిన నిపుణులు 4 వారాల్లో 8 సార్లు రోగితో కూర్చున్నారు. మందుల చీటీ రాసినంత సేపట్లో అయ్యే పని కాదిది. రిపోర్టు చదివి వినిపించడంతో తమ బాధ్యత తీరిందనుకునే ఆసుపత్రులు ఇలాంటి నిపుణులను నియమించుకోవాలి. ఆ ఖర్చును మిగతా చికిత్సల మాదిరిగానే బీమా సంస్థలు భరించాలి.