రెండు నిమిషాలు తిరిగితేనే మంచి రీలా?

గాలం వేసేవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సెంటర్‌పిన్ రీలు (గాలం కర్రకు బిగించి, తంగూసు అనే నైలాన్ దారం చుట్టుకునే చక్రం) డ్రమ్మును వేలితో కొట్టి వదిలితే రెండు నిమిషాలు ఆగకుండా తిరగాలట. తిరగకపోతే మధ్యలో ఉన్న స్క్రూ వదులు చేయాలట, కిరసనాయిలులో ముంచి కడగాలట, గ్రీజు నిండా కూరాలట, గ్రీజు దొరక్కపోతే కొబ్బరినూనె పోయాలట. ఆఖరున తంగూసు అంచుదాకా బిగించి చుట్టాలట. ఇది నమ్మి చేసినవాళ్ళ రీళ్ళు ఇప్పటికే మూడు నా చేతికొచ్చాయి. మంచి వస్తువులు కళ్ళముందు పాడవుతుంటే ఊరుకోలేక రాస్తున్నాను.

మొదట ఆ రెండు నిమిషాల సంగతి. ఈ రకం రీలు ఇంగ్లండులో ట్రెంట్ నది ఒడ్డున ఉన్న నాటింగ్‌హామ్‌లో 19వ శతాబ్దంలో చెక్కతో మొదలైంది. గేర్లు లేవు, ఒక ఇరుసు మీద ఒక డ్రమ్ము, అంతే. తంగూసుకు కట్టి నీటిమీద తేలే బెండును ప్రవాహం లాక్కుపోతుంటే ఆ కాస్త లాగుడుకే డ్రమ్ము కదిలి తంగూసు వదలాలి. ఎర నీటివాలుతో సమానంగా పోతేనే చేప అనుమానపడదు. అంటే మనకు కావలసింది తేలిగ్గా కదలడం. ఎంతసేపు తిరుగుతుందన్నది వేరే లెక్క.

తిరగలి ఆడించిన ఇళ్ళవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. పైరాయి ఒకసారి ఊపందుకుంటే చెయ్యి తీసినా కొంతదూరం పోతుంది, కానీ ఆగిన రాయిని కదిలించాలంటే భుజం పడాలి. బరువైన డ్రమ్ము కూడా అంతే. ఎక్కువసేపు తిరుగుతుంది, కానీ కదలడానికి మొరాయిస్తుంది. బెండు ఆగినా అది ఆగదు, తంగూసు ఊడిపోయి చిక్కుపడుతుంది. రెడిచ్‌లో తయారైన ఆల్‌కాక్స్ ఏరియల్ అనే పాత ఇంగ్లీషు రీలుకు అంత పేరు రావడానికి కారణం, డ్రమ్ము నడుమ దిమ్మ లేకుండా చువ్వలు పెట్టి బరువు తగ్గించడమే.

నేను చూసే పద్ధతి ఇది. ర్యాట్చెట్‌ను (డ్రమ్ము ఊరికే తిరగకుండా పట్టే పళ్ళ మీట) వదిలించి, రీలును బల్ల అంచున నిలువుగా పట్టుకుని, తంగూసు కొసకు మన బెండు కింద కట్టే చిన్న సీసం గుండు కట్టి వదులుతాను. డ్రమ్ము తనంతట తాను కదలాలి. పిడి పైన ఉన్నప్పుడు, కింద ఉన్నప్పుడు, రెండు పక్కలా చూడాలి. ఒకవైపు కదిలి ఇంకోవైపు ఆగిపోతే తప్పు ఇరుసుది కాదు, డ్రమ్ము ఒక పక్క బరువుంది. సుద్దముక్కతో అంచు మీద గీత పెట్టి నాలుగుసార్లు తిప్పండి. గీత ప్రతిసారీ ఒకేచోట ఆగితే అనుమానమే లేదు. ఇక ధర్మసాగర్ లాంటి చెరువులో మత్స్యకారుల సంఘం వాళ్ళను అడిగి గాలం వేసేవాళ్ళకు ఈ పరీక్ష కూడా అంత ముఖ్యం కాదు. నిలకడ నీళ్ళలో బెండు ఎక్కడికీ పోదు. బొచ్చె చేప పడ్డాక దాని పరుగు ఆపడానికి డ్రమ్ము అంచు మీద బొటనవేలు ఎంత బాగా ఆనుతుందన్నదే అక్కడ పని.

మధ్య స్క్రూ మాట అన్నిటికంటే ప్రమాదం. అది అన్ని రీళ్ళలో ఒకే పని చేయదు. బుష్షు (ఇరుసు చుట్టూ ఉండే లోహపు గొట్టం) మీద నడిచే చాలా పాత రీళ్ళలో దాని కొస ఇరుసు మొన మీద ఆనుతుంది. లోపలికి తిప్పితే డ్రమ్ము తన వెనక కదలకుండా ఉండే పళ్ళేనికి దూరం జరుగుతుంది, బయటికి తిప్పితే దగ్గరవుతుంది. మరీ వదులు చేస్తే డ్రమ్ము పళ్ళేనికి రాసుకుంటుంది. మరీ బిగిస్తే పట్టేస్తుంది. పావుచుట్టు కంటే తక్కువ తిప్పుతూ ప్రతిసారీ గుండు వదిలి చూడాలి. డ్రమ్మును ముందుకూ వెనక్కూ లాగితే తెలిసీ తెలియనంత ఆట ఉంటే చాలు. బాల్ బేరింగులున్న కొత్త రీళ్ళు చాలావాటిలో మధ్య స్క్రూ డ్రమ్మును పట్టి ఉంచడానికే. దాన్ని వదులు చేస్తే చేప లాగుతుండగా డ్రమ్ము చేతిలోకి ఊడొస్తుంది.

ఇంకొకటి. డ్రమ్ము ముందుకు వెనక్కు కదలడం వేరు, పక్కలకు ఊగడం వేరు. పక్కలకు ఊగితే బుష్షు అరిగిందని అర్థం. ఏ స్క్రూ తిప్పినా అది తగ్గదు.

కిరసనాయిలు మాటలో సగం నిజముంది. పాత జిడ్డు వదలడానికి అది మంచిదే. కానీ ఉన్న నూనెను కూడా తీసుకుపోతుంది. కడిగాక గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ నూనె వేయాలని ఆ మెసేజ్‌లో ఎక్కడా లేదు. రీలు మొత్తం ముంచితే మూలల్లో ఉన్న ఇసుక బేరింగులోకి పోతుంది. విప్పిన భాగాలను విడివిడిగా తుడవడమే పద్ధతి.

గ్రీజు దగ్గర నాకు బాధ ఎక్కువ. కాజీపేట నుంచి ఒక తమ్ముడు వాళ్ళ నాన్న రైల్వేలో ఉన్నప్పుడు కలకత్తాలో కొన్న రీలు తెచ్చాడు. "అన్నా, మెసేజ్‌ల ఉన్నట్టే చేసిన, అయినా రెండు నిమిషాలు తిరుగుతలేదు" అన్నాడు. పేపరు పరిచి డ్రమ్ము తీశాను. ఇరుసు చుట్టూ నల్లటి ముద్ద. వేళ్ళ మధ్య నలిపితే గరగర. గోదావరి ఇసుక గ్రీజులో కలిసి సాన పట్టే ముద్దలా తయారైంది. తుడిచి వెలుగుకు పెడితే ఉక్కు ఇరుసు మీద సన్నటి వలయాలు, గోరుకు తగులుతున్నాయి. పైగా చిక్కటి గ్రీజు ఇరుసును పట్టి ఆపుతుంది. గ్రీజు పని ర్యాట్చెట్ పళ్ళ దగ్గర, అదీ అగ్గిపుల్ల కొసకు అంటినంత.

కొబ్బరినూనె అయితే మార్గశిరంలో తెల్లవారుజామున స్నానాల గదిలో సీసా చూడండి, గడ్డకట్టి ఉంటుంది. దాదాపు 24 డిగ్రీలకే అది గట్టిపడుతుంది. మన దగ్గర చలికాలం పొద్దున అంతకంటే చాలా తగ్గుతుంది, గాలం వేసేదీ ఆ వేళకే. కొన్నాళ్ళు పోతే జిగటగా కూడా మారుతుంది. టైలరు దగ్గర దొరికే కుట్టుమిషన్ నూనె గుండుసూది మొనతో ఒక్క చుక్క చాలు.

తంగూసు బిగించి చుట్టకండి. నైలాన్ సాగుతుంది, తర్వాత కుంచించుకుంటూ డ్రమ్మును నొక్కుతుంది. సన్నటి పాత డ్రమ్ములు అలాగే వంకరపోతాయి. పెద్ద చేపను లాక్కొచ్చిన రోజు ఇంటికెళ్ళాక ఒకసారి విప్పి వదులుగా చుట్టుకోవాలి.

ఆ తమ్ముడి రీలుకు లేత్ దగ్గర కొత్త బుష్షు వేయించాం. ఇరుసు గీతలను సన్నటి ఎమెరీతో నునుపు చేసి, చుక్క నూనె వేసి, స్క్రూ సరిచేశాం. ఇప్పుడు వేలితో కొడితే పాతిక సెకన్లకు ఆగుతుంది. మొన్న ఆదివారం మంగపేట దగ్గర గోదావరిలో బెండు వదిలితే, నీటివాలుకు డ్రమ్ము మెల్లగా తిరుగుతూ ముప్పై గజాల దాకా ఒక్క కుదుపు లేకుండా పోయింది.